లేనూరి చివరి బస్సు

ముప్పై ఒక్కేళ్లు టౌన్ హాల్లో
ఇతరుల మాటలు రాసిన చెయ్యి నాది.
ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు,
ఎన్ని చేతులు లేచాయి, ఎన్ని లేవలేదు.
రిటైరయ్యాక ఆ చేతికి
ఉల్లిపాయలు తరగడం తప్ప పనిలేదు.

గురువారం సాయంత్రాలు రమ్మన్నారు, ఆన్‌లైన్లో.
ఉత్తర మెయిన్‌లో ఐదు హైస్కూళ్ల పిల్లలట,
పౌరశాస్త్రమట, ఊహలో ఒక ఊరట.
పేరు పిల్లలే పెట్టారు: లేనూరు.
లేనూరికి అప్పులు మాత్రం ఉన్నాయి.

తెర మీద ఇరవై ఏడు నల్ల గళ్లు.
ఒక్క ముఖమూ లేదు.
పేర్లు, పేర్ల పక్కన గీత కొట్టిన మైకులు.
"వినిపిస్తోందా?" అని టీచరు అడిగితే
బావిలో వేసిన రాయి
నీళ్లు తాకిన చప్పుడైనా రాలేదు.
నాకు కొత్తేం కాదు.
మార్చి నెల ఊరి సభలో
ఇనుప కుర్చీలకి బడ్జెట్ చదివి వినిపించినదాన్ని.

వెస్టన్ బుషార్డ్ అనే గడి
చుక్కలు మాత్రం టైపు చేసేది.
మూడు చుక్కలు. కాసేపాగి మళ్లీ మూడు.
ఆమోదమో ఆవలింతో,
నా పుస్తకంలో దానికి గడి లేదు.

నవంబరులో కోతల వంతు వచ్చింది.
మంచు తీసే బండికి ఓవర్‌టైమా,
లైబ్రరీకి శనివారమా,
రాత్రి పదీ నలభై బస్సా?
ఏదో ఒకటి పోవాలి.
బొటనవేళ్లు టపటపా పడ్డాయి.
ఇరవై రెండు, ఐదు.
నలభై సెకన్లలో బస్సు పోయింది.

అప్పుడొక మైకు తెరుచుకుంది.
ముందు ఫ్రిజ్ హోరు, నేల మీద కుక్క గోళ్లు,
తర్వాత ఎలోయిస్ థిబొడో.
"ఆ బస్సులో మా అమ్మ ఉంటుంది."
"ఊహే కదా" అన్నారెవరో.
"ఊరు ఊహే.
బంగాళాదుంపల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు ఊహ కాదు.
జడకి పట్టిన నూనె వాసన ఊహ కాదు.
బస్సు దిగి మలుపు దగ్గర
ఫోను లైటు ఒక్కసారి వెలిగిస్తుంది.
అది చూసి నేను సూపు పొయ్యి మీద పెడతాను.
మీరు తీసేసింది..."

గడి ఖాళీ అయిపోయింది.
అలవాటు కొద్దీ రాశాను:
"సభ్యురాలు వాక్యం మధ్యలో నిష్క్రమించారు."
కొట్టేశాను.
"నిష్క్రమించలేదు. కనెక్షన్ తెగింది."

కెమెరాలన్నీ ఒక్కొక్కటే వెలిగాయని
రాస్తే బాగుండును.
రెండే వెలిగాయి.
ఒకదాంట్లో సగం నుదురు, సగం సీలింగు.
రెండోది చుక్కల కుర్రాడు:
మొటిమలు, ఊలు టోపీ,
వెనక మేకుకి నారింజ రంగు వేట కోటు.
"పెల్టియే గారూ,
అయిపోయిన ఓటుని వెనక్కి తీసుకోవచ్చా?"

ఇన్నేళ్లలో
ఆ మాట అరిచినవాళ్లున్నారు,
అడిగినవాళ్లు లేరు.
"తీసుకోవచ్చు. కానీ ఓడినవాళ్లు అడగకూడదు.
గెలిచిన పక్షాన ఓటేసినవాళ్లలో ఒకరు లేచి
మళ్లీ ఆలోచిద్దాం అనాలి."
గొంతు సవరించుకున్నాడు.
ఒక మెట్టు ఎక్కి రెండు మెట్లు జారే
పదహారేళ్ల గొంతు.
"నేను గెలిచినవాణ్ణే" అన్నాడు,
అద్దం పగలగొట్టింది తనేనని ఒప్పుకున్నట్టు.
"మళ్లీ ఆలోచిద్దాం."

బలపరిచేవారెవరు?
నల్ల గళ్లు. గోడ గడియారం.
చివరికి ఎవరిదో గడిలో
మూడు చుక్కలు.
నిబంధనల్లో వాటికి చోటు లేదు.
బలపరిచినట్టే రాసుకున్నాను.
గంట అయిపోయింది. వచ్చే గురువారానికి వాయిదా.

ఆ రాత్రి అటక మీంచి
నా పాత పుస్తకాల నకళ్లు దించాను.
మా ఊరికీ ఒక బస్సుండేది.
అది పోయిన రోజు దొరికింది, నూట పన్నెండో పేజీ.
నా చేతిరాతే. గుండ్రంగా,
ఒక్క కొట్టివేతా లేకుండా:
"హాజరు పదకొండు.
ప్రశ్నలు లేవు."